కమిషనర్ గారూ, డీఎన్ఏ పరీక్ష జంతువును చెబుతుంది, కోతను చెప్పదు

ఆంధ్రప్రదేశ్ ఆహార భద్రత కమిషనర్ గారికి, గోదావరి డెల్టా జిల్లాల కలెక్టర్లకు నమస్కారం.

నేను భీమవరం పక్క పల్లెవాణ్ని. రొయ్య సీడుకు, అంటే చెరువులో వదిలే పిల్లలకు, పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్ష చేసే ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ముస్లింని. మాంసం కొట్టు నడిపేవాళ్లూ, పెళ్లిళ్లకు బిర్యానీ వండేవాళ్లూ మా బంధువుల్లోనే ఉన్నారు. అందుకని ఈ ఉత్తరంలో ల్యాబ్ మాటా ఉంటుంది, వంటశాల మాటా ఉంటుంది.

మిమ్మల్ని అడగదలచుకున్నవి రెండు. మాంసంలో ఏ జంతువు ఉందో తేల్చే డీఎన్ఏ పరీక్ష మన డెల్టాలోనే జరిగే ఏర్పాటు చేయండి. దాంతోపాటు, ఆ పరీక్ష కాగితం చూపించి ‘హలాల్ గ్యారంటీ’ అని ఎవరూ అమ్ముకోకుండా చూడండి. కావాలంటూనే వద్దంటున్నాడేంటి అనుకోకండి. పరీక్ష దేనికి పనికొస్తుందో దానికి వాడమంటున్నాను, పనికిరానిదానికి వాడొద్దంటున్నాను. ఫ్రోజెన్ కబాబ్ ప్యాకెట్ల మీద, కేటరింగ్ కరపత్రాల మీద ఈ మధ్య ‘డీఎన్ఏ టెస్టెడ్’ అన్న మాట చూస్తున్నాను. అది రాసినవాళ్లకు ఆ పరీక్ష ఏం చెబుతుందో తెలుసా అని ప్రతిసారీ అనుమానం వస్తుంది.

పీసీఆర్ ఎవరికి కొత్తయినా మన డెల్టా వాళ్లకు కాదు. 1994-95లో టైగర్ రొయ్య చెరువుల్ని వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు తుడిచిపెట్టిన రోజులు మా నాన్న తరానికి బాగా గుర్తు. సీడు పరీక్ష ఆ దెబ్బ తర్వాతే అలవాటైంది. ఇప్పుడు వనామీ రకం రొయ్య వేసే రైతు, చదువుకున్నా చదువుకోకపోయినా, ‘పీసీఆర్ చేయించారా? వైట్ స్పాట్ నెగటివేనా? ఈహెచ్‌పీ (రొయ్య ఎదగకుండా చేసే పరాన్నజీవి) చూశారా?’ అని అడిగాకే జేబులో చెయ్యి పెడతాడు. భీమవరంలో, కాకినాడలో ప్రైవేటు ల్యాబులున్నాయి. కాకినాడలో ప్రభుత్వ మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. కరోనా సమయంలో అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలలో రోజూ ఆర్టీపీసీఆర్ పరీక్షలు జరిగాయి. యంత్రం ఉంది, నడిపే చేతులున్నాయి, మధ్యలో కరెంటు పోతే ఏం చెయ్యాలో తెలిసిన చేతులు కూడా. మాంసం శాంపిల్ ఈ చేతులకు అందే దారి ఒక్కటే లేదు.

రొయ్యలో వైరస్ వెతికినా, కైమాలో పంది మాంసం వెతికినా పని ఒకలాంటిదే. గోరంత ముక్క తీసుకుని, కణాలు పగలగొట్టి, డీఎన్ఏను విడదీస్తాం. దానికి ప్రైమర్లు కలుపుతాం. మనం వెతికే జీవి డీఎన్ఏకు మాత్రమే అతుక్కునేలా తయారుచేసిన చిన్న ముక్కలవి. యంత్రం దాన్ని 95 డిగ్రీల దాకా వేడి చేస్తుంది, చల్లారుస్తుంది, మళ్లీ వేడి చేస్తుంది. విడత విడతకూ ఆ భాగం రెట్టింపవుతుంది. 30 విడతలు సవ్యంగా నడిస్తే ఒకటి కాస్తా వంద కోట్లు దాటుతుంది. అందుకే ఇసుమంత ఉన్నా దొరికిపోతుంది. మాంసానికైతే ఎక్కువగా మైటోకాండ్రియాలోని డీఎన్ఏను వెతుకుతారు. ఒక్కో కణంలో, కేంద్రకంలోని డీఎన్ఏ ప్రతులు రెండైతే ఇవి వందలు, వేలు ఉంటాయి. ఉడికించి, వేయించి, మసాలా దట్టించిన ముక్కలో కూడా ఎన్నో కొన్ని మిగిలే ఉంటాయి. అందులోని సైటోక్రోమ్-బి అనే జన్యువు అమరిక మేకకు ఒకలా, గేదెకు ఒకలా, పందికి ఒకలా ఉంటుంది.

ఈ విద్య కోసం పరాయి దేశాల వైపు చూడక్కర్లేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ కలిసి 2003లోనే ఈ సైటోక్రోమ్-బి ఆధారంగా, ఒకే జత ప్రైమర్లతో రకరకాల జంతువులను గుర్తించే పద్ధతిని ప్రచురించారు. వేటగాళ్ల దగ్గర పట్టుకున్న మాంసం జింకదా మేకదా తేల్చడానికి అది పనికొచ్చింది. హైదరాబాద్ శివార్లలో, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో మాంసం ఏ జంతువుదో తేల్చే ల్యాబ్ ఉంది. అక్కడివాళ్లను పిలిచి మన దగ్గరివాళ్లకు శిక్షణ ఇప్పిస్తే చాలు. రేపు పొద్దున్నుంచి మా రొయ్య ల్యాబులే మాంసం రిపోర్టులు రాసెయ్యాలని నేను అనడం లేదు. ప్రైమర్లు వేరు, పోల్చి చూసే శాంపిళ్లు వేరు, చట్టం ముందు నిలబడాలంటే గుర్తింపు కావాలి. కానీ అవన్నీ సమకూర్చుకోగల పనులే.

ఆ మధ్య మా ఖాలా (పిన్ని) కొడుకు ఒక కబాబ్ ప్యాకెట్ పట్టుకుని తిన్నగా ల్యాబ్‌కే వచ్చేశాడు. ‘భాయ్, నీ మిషన్లో పెట్టి చూడు, తేడా ఏమైనా ఉందేమో’ అన్నాడు. నా దగ్గరున్న ప్రైమర్లతో చేస్తే ఈ కబాబ్‌కు వైట్ స్పాట్ లేదని మాత్రం ధైర్యంగా రాసివ్వగలను అన్నాను. వాడు నవ్వలేదు. పెళ్లి తర్వాత ఇచ్చే వలీమా విందుకు ఆ సరుకు ఆర్డరిచ్చి ఉన్నాడు, వాట్సాప్‌లో ఏదో వీడియో చూశాడు, వాడి టెన్షన్ వాడిది. ఆ ప్యాకెట్ పట్టుకుని మా టౌన్లో ఏ తలుపు తట్టాలో వాడికి చూపించలేకపోయాను.

నిజానికి ఆ తలుపు చట్టంలో ఉంది. ఆహార భద్రత చట్టం 2006లోని 40వ సెక్షన్ ప్రకారం, కొన్నవాడు ఎవరైనా ఫీజు కట్టి ఆహారాన్ని ఫుడ్ అనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ సంగతి అమ్మినవాడికి చెప్పాలి, అంతే. ఈ హక్కు గురించి మా వీధిలో విన్నవాళ్లెవరూ లేరు. మీ శాఖ తెలుగులో ఒక్క బోర్డు రాయించి మాంసం మార్కెట్ల దగ్గర కట్టిస్తే సగం పుకార్లు అక్కడే ఆగుతాయి. అనుమానం ఉన్నవాడు వీడియో ఫార్వర్డ్ చేయడం మాని శాంపిల్ ఇస్తాడు.

ఏవి పరీక్షించాలో చెప్పమంటే నేను ముక్కగా ఉన్న మాంసంతో మొదలుపెట్టను. మన దగ్గర కొట్టులో కోసిన వేట (మేకో పొట్టేలో) వేలాడుతూ ఉంటుంది. తోక ఉంచుతారు, మగదని తెలిసేలా ఉంచుతారు, కొనేవాడు మేకపోతా పొట్టేలా అని అడిగి మరీ తొడ కొట్టించుకుంటాడు. మోసం చేయాలన్నా అక్కడ కాస్త కష్టం. రూపం పోయిన మాంసం దగ్గరే అసలు గొడవ. కైమా, కబాబ్, సాసేజ్, షవర్మాకు కట్టే మాంసం, హాస్టళ్లకు కిలోల లెక్కన టెండర్ మీద వెళ్లే సరుకు చూడండి. అందులో గేదె మాంసం కలిసిందో, గొర్రె కలిసిందో కంటితో చెప్పగలిగేవాడు లేడు. ఇది ముస్లింల గొడవ అనుకుంటే పొరపాటు. గేదె మాంసం మాకు హలాలే. మటన్ కైమాలో అది కలిస్తే మాకు డబ్బు మోసం. మా పక్కింటి హిందూ కుటుంబానికైతే అది డబ్బుతో పోయేది కాదు. ఒకే కొట్టులో కొనుక్కునే ఇద్దరికీ ఒకే పరీక్ష అవసరం పడుతుంది.

గాడిద సంగతి ఎవరూ పైకి మాట్లాడరు, నేను రాస్తాను. మన కోస్తాలో, పశ్చిమ గోదావరితో సహా కొన్ని జిల్లాల్లో, గాడిద మాంసం దొంగచాటుగా అమ్ముతున్నారని వార్తలు వచ్చాయి, పోలీసు కేసులు పెట్టారు. ఉబ్బసం తగ్గుతుందని, నడుము గట్టిపడుతుందని నమ్మి తినేవాళ్లున్నారు. ఆహార భద్రత నిబంధనల్లో మాంసం కోసం కోయదగిన జంతువుల్లో గాడిద లేదు. మాకు అది హరాం, తినకూడనిది. తెలిసి కొనుక్కునేవాడి గొడవ వేరు. అదే మాంసం కైమాలో కలిస్తే పట్టుకోవడానికి నమ్మకమైన దారి పీసీఆర్. ఐర్లాండ్‌లో సరిగ్గా ఇలాంటిదే జరిగింది. అక్కడి ఆహార భద్రత సంస్థ 2013 జనవరిలో బయటపెట్టిన ఫలితాల్లో, 27 రకాల బీఫ్ బర్గర్లలో 10 రకాల్లో గుర్రం డీఎన్ఏ దొరికింది, 23 రకాల్లో పంది డీఎన్ఏ దొరికింది. ఒకదాంట్లోనైతే మాంసంలో 29 శాతం గుర్రమే. తర్వాతి నెలలోనే బ్రిటన్‌లో జైళ్లకు పంపిన హలాల్ మాంసం వంటకాల్లో పంది డీఎన్ఏ బయటపడింది. పెద్ద పెద్ద కంపెనీల కాగితాలన్నీ సక్రమంగా ఉన్న దేశాల్లో ఇదీ పరిస్థితి. ఎవరో ఫిర్యాదు చేస్తే కాదు, ఒక ప్రభుత్వ సంస్థ తనంతట తాను వెళ్లి షాపుల్లో కొని పరీక్షిస్తే అది తెలిసింది. మీ శాఖ నుంచి నేను ఆశిస్తున్నది ఆ పద్ధతి.

ఆ ఐర్లాండ్ ఫలితాల్లో ఇంకో విషయం ఉంది. పంది డీఎన్ఏ దొరికిన వాటిలో చాలావాటిలో అది అతి కొద్దిగా ఉంది. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే యంత్రం మీద ముందు పంది మాంసం నడిచి, తర్వాత బీఫ్ నడిస్తే అంత మాత్రం అంటుకుంటుంది. అందుకే ఆ ఏడాది యూరప్‌లో తనిఖీలు చేసినప్పుడు 1 శాతం అనే గీత పెట్టుకున్నారు. అది దాటితే కావాలని కలిపినట్టు, దాటకపోతే యంత్రం సరిగా కడగనట్టు లెక్కగట్టారు. మోసం కేసులకు ఈ గీత సబబే. పంది విషయంలో మాత్రం మాకు 1 శాతం కూడా ఊరట కాదు. అర శాతం ఉందంటే తినలేం. అలాగని అర శాతం కనిపించిన ప్రతి కొట్టువాణ్నీ దొంగ అనడం కూడా అన్యాయం. అందుకని రిపోర్టులో ‘ఉంది’, ‘లేదు’ అని రాసి వదిలేయొద్దు. సుమారుగా ఎంత ఉందో రాయాలి. రియల్ టైమ్ పీసీఆర్‌లో ఆ అంచనా వస్తుంది. ఎంత తక్కువ విడతల్లో కనిపిస్తే సరుకు అంత ఎక్కువ ఉన్నట్టు. కరోనా రోజుల్లో సీటీ వాల్యూ అని ఊరంతా మాట్లాడుకున్నది దీని గురించే.

మలేసియాలో 2014 మేలో జరిగింది చూడండి. క్యాడ్‌బరీ చాక్లెట్లు రెండు రకాల్లో పంది డీఎన్ఏ ఆనవాళ్లున్నాయని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. దేశమంతా అట్టుడికింది, బహిష్కరించాలన్నారు, కంపెనీ సరుకు వెనక్కి తీసుకుంది. కొద్ది రోజులకే హలాల్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ జాకిమ్, ఫ్యాక్టరీ నుంచి తాను తెచ్చిన శాంపిళ్లలో ఏమీ లేదని ప్రకటించింది. ఒకే చాక్లెట్, రెండు ప్రభుత్వ విభాగాలు, రెండు జవాబులు. శాంపిల్ ఎక్కడ తీశారు, ఎవరు తీశారు, ప్యాకెట్ అప్పటికే విప్పి ఉందా అన్న ప్రశ్నలకు అంత విలువ ఉంది. చేతికి అంటింది చాలు ఈ పరీక్షకు. ముందు శాంపిల్ నుంచి గాల్లో తేలిన తుంపర పక్క ట్యూబులో పడినా చాలు. మా ల్యాబ్‌లో డీఎన్ఏ తీసే గది వేరు, యంత్రం ఉన్న గది వేరు. ఖాళీ నీళ్లతో కూడా ఒక ట్యూబు నడుపుతాం. అందులో పాజిటివ్ వస్తే ఆ రోజు రిపోర్టులన్నీ చించేయాల్సిందే. ఒక్క రొయ్య రైతు నష్టానికే అంత జాగ్రత్త పడతాం కదా, ఒక ఊరి ప్రశాంతత ముడిపడి ఉన్న పరీక్షకు ఎంత పడాలి? రెండో ల్యాబ్ నిర్ధారించేదాకా ఏ కొట్టు పేరూ బయటికి పొక్కకూడదు. మీ ఇన్‌స్పెక్టర్ ఫోన్ నుంచి ఫొటో వెళ్లిందంటే తర్వాత ఏ ప్రకటన ఇచ్చినా ఎవరూ వినరు.

ఇంతవరకూ పరీక్ష ఏం చెప్పగలదో చెప్పాను, ఇక అది చెప్పలేనిది చెబుతాను. డెల్టాలో మాంసం అంటే ముందు కోడి. అనపర్తి, తణుకు చుట్టుపక్కల కోళ్ల ఫారాలున్న సీమ మనది. ఆదివారం ఏ ఇంటి ముందు చూసినా కోడి ఈకలే. ఈ కోడి విషయంలో మాకున్న పెద్ద భయం పంది కలుస్తుందని కాదు. చచ్చిన కోడి వస్తుందని. వేసవిలో వేడికి షెడ్లలో కోళ్లు రాలిపోతాయి, లారీ పంజరాల్లో దారిలోనే చచ్చిపోతాయి. అవి ఎక్కడికి వెళ్తున్నాయి? తక్కువ రేటుకి హోటళ్లకి చేరుతున్నాయన్న అనుమానం ప్రతి ఎండాకాలం వినిపిస్తుంది. దానంతటది చచ్చినది మాకు ముర్దార్, తినకూడదు. మిగతావాళ్లకు మతం అడ్డు రాకపోయినా కడుపు అడ్డొస్తుంది. కానీ ప్రాణంతో ఉండగా బిస్మిల్లా చెప్పి కోసిన కోడి డీఎన్ఏ, పంజరంలో చచ్చిన కోడి డీఎన్ఏ ఒక్కటే. పీసీఆర్ రెండిటికీ ‘కోడి’ అనే రాస్తుంది. నెత్తురు పూర్తిగా కారిందో లేదో, కోసినవాడు ఎవరో, ఏం పలికాడో, కోసేటప్పుడు అది బతికి ఉందో లేదో, వీటిలో ఒక్కటీ ఆ రిపోర్టులో ఉండదు. హలాల్‌లో ముప్పాతిక భాగం ఈ ప్రశ్నలే.

డెల్టా జనానికి అర్థమయ్యే ఇంకో సంగతి. నాటుకోడి రేటు పెట్టి, గుడ్లు పెట్టడం మానేసిన లేయర్ కోడిని తిన్నామని అనుమానించని ఇల్లు మన దగ్గర తక్కువ. ఆ అనుమానం కూడా ఈ పరీక్షతో తీరదు. బ్రాయిలర్, లేయర్, నాటుకోడి, సంక్రాంతికి బరిలో ఓడిన పుంజు, అన్నీ దానికి ఒకే జంతువు. మేక విషయంలో కొంచెం నయం. మగ జంతువులోనే ఉండే ఎస్ఆర్‌వై అనే జన్యువును వెతికితే పోతా ఆడదా చెప్పొచ్చు. పోతు మాంసమని ఆడమేక అంటగట్టే కొట్టువాళ్లు ఈ వాక్యం చదివితే కాస్త ఉలిక్కిపడతారు.

చచ్చిన కోడిని పట్టుకోవాలంటే మనిషి వెళ్లాలి. రాత్రి లారీ దిగే చోటికి, తెల్లారకముందు కోత మొదలయ్యే చోటికి పశువైద్యుడు, మీ ఇన్‌స్పెక్టర్ వెళ్లాలి. దారిలో చచ్చినవాటి లెక్క రాయించి, వాటిని అక్కడే పూడ్పించాలి. నెత్తురు సరిగా కారిందా అని చూడటానికి మాలకైట్ గ్రీన్ పరీక్ష అని పాతది, చౌకది ఒకటుంది. మాంసం రసంలో హీమోగ్లోబిన్ ఎక్కువ మిగిలిందా అని రంగుతో చూపిస్తుంది. అది తుది తీర్పు కాదు, కానీ అనుమానించాల్సిన లాటును చూపిస్తుంది. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో కోళ్లు కుప్పలుగా చచ్చినప్పుడు శాంపిళ్లు భోపాల్ దాకా వెళ్లి వచ్చాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. ఆ జబ్బును తుదిగా నిర్ధారించే జాతీయ ల్యాబ్ అక్కడుంది కాబట్టి తప్పదు, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజుల్లో చికెన్ కొట్లు ఎలా వెలవెలబోయాయో, పుకార్లు ఎలా పరిగెత్తాయో చూసినవాళ్లం. జవాబు రావడం ఆలస్యమైన కొద్దీ చిన్న కొట్టువాడు నష్టపోతాడు.

పరీక్షకు ఇంకో వైపు కూడా హద్దుంది. జెలటిన్ లాంటివాటిలో ఎముకల్ని, చర్మాన్ని అంతగా ఉడికించి శుద్ధి చేస్తారు కాబట్టి డీఎన్ఏ తునాతునకలైపోతుంది. ‘కనబడలేదు’ అని వస్తే ‘లేదు’ అని కాదు అర్థం. ఇండోనేసియాలో 2001లో అజినొమొటో గొడవ ఇంకా చిత్రం. అమ్మే పొడిలో పంది ఆనవాలే లేదు. దాన్ని తయారుచేసే బ్యాక్టీరియాకు పెట్టిన మేతలో పంది ఎంజైమ్ వాడారని అక్కడి మత పండితుల (ఉలేమా) మండలి హరాం అంది, దేశాధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఏమో హలాలే అన్నారు. ఆయన కూడా పేరున్న మత పండితుడే. అలాంటి తగవును ఏ యంత్రం తీరుస్తుంది?

ఇక చట్టం సంగతి. ప్యాకెట్ మీద శాకాహారానికి ఆకుపచ్చ, మాంసాహారానికి గోధుమ రంగు గుర్తు తప్పనిసరి చేసిన కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐకి హలాల్ గుర్తు అంటూ ఏదీ లేదు. దేశంలో హలాల్ సర్టిఫికెట్లు ఇచ్చేవి ప్రైవేటు సంస్థలు, ట్రస్టులు. ఎగుమతి మాంసానికి మాత్రం కేంద్రం 2023లో నిబంధన పెట్టింది. భారత క్వాలిటీ కౌన్సిల్ పథకం కింద గుర్తింపు పొందిన సంస్థే సర్టిఫికెట్ ఇవ్వాలని. దుబాయ్ వెళ్లే మాంసానికి ఆ కట్టుబాటు ఉంది, ద్రాక్షారామంలో అమ్మే ప్యాకెట్‌కు లేదు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్ హలాల్ సర్టిఫికెట్ ఉన్న సరుకుల అమ్మకాన్నే నిషేధించింది, ఎగుమతిని మినహాయించి. నేను మిమ్మల్ని అలాంటిది అడగడం లేదు. నిషేధిస్తే అనుమానం పోదు, చీకట్లోకి వెళ్తుంది. ‘డీఎన్ఏ టెస్టెడ్ హలాల్’ అని రాస్తే ఏ ల్యాబ్, ఏ తేదీ, ఏ బ్యాచ్, ఏ జంతువు కోసం వెతికారు అని ప్యాకెట్ మీదే రాయమనండి. ఎప్పుడో ఒక్క శాంపిల్ పంపి ఏడాదంతా ఆ ముద్ర వేసుకునేవాడిపై, తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే 53వ సెక్షన్ ఉండనే ఉంది. మా సీడు రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. ట్యాంకులో లక్షల పిల్లలుంటే మేం పరీక్షకు తీసేది 150. నెగటివ్ సీడు వేసిన చెరువులోకి పీత మోసుకొచ్చిన వైట్ స్పాట్ దిగడం అతను కళ్లారా చూశాడు. రిపోర్టు ఆ శాంపిల్‌కే, ఆ రోజుకే అని అతనికి తెలుసు. కబాబ్ కొనేవాడికి కూడా అంత తెలిసే హక్కుంది.

కొట్లవాళ్ల భయం గురించి కూడా చెప్పాలి. మాంసం, ల్యాబ్ అనే రెండు మాటలు కలిపి వింటే మా వాళ్లకు గుర్తొచ్చేది పోలీసు. రోడ్డు మీద ఆటో ఆపడం, మాంసం పట్టుకోవడం, ఏ జంతువుదో తేల్చడానికి ల్యాబ్‌కు పంపడం, 1977 నాటి గోవధ నిషేధ చట్టం కింద కేసు. రిపోర్టు గేదె అని వచ్చేసరికి సరుకు కుళ్లిపోతుంది, వ్యాపారమూ పోతుంది. ఆ అనుభవం ఉన్నవాడు మీ శాంపిల్ బాటిల్ చూసి తలుపేసుకుంటే తప్పు పట్టలేను. ఆహార భద్రత శాంపిళ్లు ఆహార భద్రత చట్టం కిందే తీయండి. ఆ చట్టం 47వ సెక్షన్ శాంపిల్‌ను నాలుగు భాగాలు చేయమంటుంది. అందులో ఒకటి, కొట్టువాడు కోరితే, గుర్తింపు పొందిన వేరే ల్యాబ్‌కు వెళ్లాలి. ఈ సంగతి శాంపిల్ తీసేటప్పుడే అతనికి తెలుగులో చెప్పి సంతకం తీసుకోండి. శాంపిల్ తీసే జట్టులో తన గోడు చెప్పుకోదగ్గ మనిషి ఒకడు ఉన్నాడనిపిస్తే కొట్టువాడే ముందుకొచ్చి శాంపిల్ ఇస్తాడు, రిపోర్టు ఫ్రేము కట్టించుకుంటాడు కూడా.

మసీదు కమిటీ పెద్దలు ఈ ఉత్తరం చదివితే వాళ్లకూ ఒక మాట. పెద్దాయన్లూ, ల్యాబ్ కాగితం వచ్చేసింది కదా అని మీ పని తగ్గదు. ఊళ్లో కోసేవాడు ఎవరు, నమాజీనా, కత్తి పదునుందా, గంటకు ఎన్ని కోస్తున్నాడు అని వెళ్లి చూసే అలవాటు మనకుండేది. ఇప్పుడు చికెన్ సెంటర్‌లో కుర్రాడు ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతూ ఇంకో చేత్తో కోస్తున్నాడు. దాన్ని అడగాల్సింది మీరే, కమిషనర్ గారు కాదు.

కమిషనర్ గారూ, ఒక్కసారిగా అన్నీ చేయమనడం లేదు. హాస్టళ్లకు, మెస్సులకు వెళ్లే మాంసం, ప్యాకెట్లలో అమ్మే కైమా, కబాబ్, వీటితో మొదలుపెట్టండి. ఏ మతంవాళ్ల కొట్టు అని చూడకుండా చీటీ తీసినట్టు ఎంచండి. ఫలితాలు, నిర్ధారణ అయ్యాక, తెలుగులో ప్రకటించండి. ‘హలాల్’, ‘హలాల్ కాదు’ అని మాత్రం రాయొద్దు. ‘ఫలానా జంతువు ఉంది, సుమారు ఇంత’ అని రాయండి, అక్కడ ఆపండి. రంజాన్ నెలకు ముందు హలీమ్ బట్టీలకు వెళ్లే మాంసాన్ని ఒక విడత చూడగలిగితే మా ఇళ్లలో చాలామంది నిశ్చింతగా ఇఫ్తార్ చేస్తారు.

శాంపిల్ తీసేవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఇంకొకటి చెప్పించండి. కొట్టు కత్తితో కోయించొద్దు, ప్రతి శాంపిల్‌కూ కొత్త బ్లేడు, కొత్త గ్లవుజులు వాడాలి. పాడవకుండా ఉంటుందని ఫార్మలిన్ అస్సలు పోయొద్దు, డీఎన్ఏ దెబ్బతింటుంది. మేం సీడును ఆల్కహాల్‌లో పెట్టి పంపుతాం. మాంసానికైతే నిండుగా ఐసు వేసిన పెట్టె చాలు, ఐసు భీమవరంలో ఏ వీధిలోనైనా దొరుకుతుంది.

ఇట్లు,
పశ్చిమ గోదావరి జిల్లా నుంచి
ఒక రొయ్య సీడు ల్యాబ్ టెక్నీషియన్